మెడలో చిరుగు

జూన్ 5, గురువారం

బ్రేకుల మాస్టారు ఇవాళ తన పేరు మళ్ళీ నిలబెట్టుకున్నారు. గాలికి ఎగిరి రోడ్డు మీదికొచ్చిన ప్లాస్టిక్ సంచిని చూసి కుక్కపిల్ల అనుకున్నారట. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కారు. సరిగ్గా అప్పుడే వెనక లారీ ఎంత దూరంలో ఉందో చూడ్డానికి నేను తల పక్కకి తిప్పి ఉన్నాను. బెల్టు భుజాన్ని పట్టుకుంది గాని తలని ఎవరు పట్టుకుంటారు? ముందుకు పోయి వెనక్కొచ్చింది.

మూడు సందులు దాటేదాకా సారీలు చెబుతూనే ఉన్నారు. "మాస్టారూ, సంచికి ప్రాణం లేదు, మనకుంది" అన్నాను. నవ్వలేదు పాపం. స్కూల్లో లెక్కలు చెబుతారు. భార్యకి మోకాళ్ళు పనిచెయ్యక గడప దాటడం లేదని, ఆవిణ్ణి నాలుగు వీధులు తిప్పుదామని ముందు ఒక పాత కారు కొనేసి, ఆ తర్వాత మా డ్రైవింగ్ స్కూల్లో చేరారు. ఎనిమిదేళ్ళుగా నేర్పుతున్నాను గాని, ఇంత భయమూ ఇంత పట్టుదలా ఒకే మనిషిలో చూడ్డం ఇదే.

మెడ పట్టినట్టుంది. దిండు మార్చాలి.

జూన్ 6

మెడ. ఎడమ పక్క, చెవి వెనకనుంచి పైకి. ఇలాంటి నొప్పి నాకు కొత్త. దిండే.

జూన్ 7

దిండు మార్చాను. తగ్గలేదు. కొత్త దిండు కదా, అలవాటు కావాలి.

జూన్ 8, ఆదివారం

"ఇటు కూర్చో, ఒక్క తిప్పులో పోతుంది" అని అత్తయ్య పొద్దున అన్నారు, వద్దన్నాను. భోజనాల దగ్గర మళ్ళీ అన్నారు, మళ్ళీ వద్దన్నాను. బెణుకులకీ పట్టిన మెడలకీ ఈ వీధిలో అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. ఇంట్లో కోడలు మెడ పట్టుకుని తిరుగుతుంటే ఆవిడకి చిన్నతనంగా ఉన్నట్టుంది. సాయంత్రం మూడోసారి అడిగేసరికి కాదనలేక కుర్చీలో కూర్చున్నాను. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. మా చిన్నదాని స్కూలు కబుర్లు చెబుతూ చెబుతూ, నేను ఏమరుపాటుగా ఉన్నప్పుడు తిప్పేశారు. టక్కుమంది.

"చూశావా, ఎంతసేపు? ఊరికే మూడు రోజులు బాధపడ్డావు."

లేచినప్పుడు గది ఒక్క క్షణం ఊగింది. ఇప్పుడు హాయిగానే ఉంది. హాయిగానే ఉంది.

జూన్ 9

తలనొప్పి. "అమ్మా, నీ ఒక కన్ను నిద్రపోతోంది" అంది చిన్నది. అద్దంలో చూసుకుంటే ఎడమ రెప్ప వాలినట్టే ఉంది. నిద్ర చాలక. రేపు ఇద్దరు కొత్తవాళ్ళకి మొదటి పాఠం.

జూన్ 26

రాయగలుగుతున్నాను. గీతలున్న కాగితం మీద కూడా అక్షరాలు కిందికి జారుతున్నాయి. ఎక్కిళ్ళు ఆగడం లేదు. రేపు ఇంటికి పంపుతారట.

జూన్ 28

ఇల్లు. ఎవరూ గదిలోకి రాకుండా తలుపు దగ్గరగా వేయించుకుని రాస్తున్నాను.

పదో తారీకు పొద్దున బట్టలు ఆరేస్తుంటే తీగ తిరగబడింది. తీగా గోడా ఆకాశమూ అన్నీ ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఎడమకి పడిపోయాను. పిలుద్దామంటే గొంతు రాలేదు, మింగుదామంటే ఉమ్మి కూడా దిగలేదు. ఆ తర్వాత సంగతులు ముక్కలుగా గుర్తున్నాయి. వాంతులు, అంబులెన్సు కప్పు, మా ఆయన చెయ్యి.

పక్షవాతమట. నాకు! ముప్పై ఏడేళ్ళకి! కాళ్ళూ చేతులూ కదులుతున్నాయి కదా అంటే, పక్షవాతంలో అన్నీ ఒక రకం కావు అన్నారు డాక్టరమ్మ. చిన్న వయసావిడ, ఓపిగ్గా చెబుతుంది. కోటు చేతికి లోపల లైనింగ్ గుడ్డ ఉంటుంది కదా, అది చిరిగితే చెయ్యి పెట్టినప్పుడల్లా చిరుగులోకే పోతుంది. మెడలో మెదడుకి నెత్తురు తీసుకెళ్ళే నాళానికి కూడా అలాంటి లోపలి పొర ఉంటుందట. అది చిరిగి, నెత్తురు పొరల మధ్యకి దూరి గడ్డ కట్టి, ఆ గడ్డలోంచి ఒక ముక్క పైకి పోయి మెదడులో ఒక మూల దారి మూసేసిందట. మూల చిన్నదే. కాని మింగడం, గొంతు, ఒంటి నిలకడ అన్నీ ఆ మూలనే కాపురమున్నాయి.

ఎడమ చెంప మొద్దుబారింది. కుడి చేతికీ కుడి కాలికీ వేడీ చల్లనా తెలియడం లేదు. రెండూ ఒక్కటే. నడిస్తే ఎడమకి లాగేస్తుంది. నీళ్ళు తాగితే పొలమారుతుందని ఏదో పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో పోస్తున్నారు.

"మెడకి దెబ్బ తగిలిందా? పడ్డారా? ఎవరైనా మెడ పట్టి తిప్పారా?" అని అడిగారు డాక్టరమ్మ ఆసుపత్రిలో.

నా గొంతు గాలిలా వస్తోంది. నేను నోరు తెరిచేలోపే మంచానికి అటు పక్కనుంచి అత్తయ్య అందుకున్నారు. "కార్లో ఒకాయన బ్రేకు కొట్టాడమ్మా. దాంతోనే వచ్చింది ఇదంతా."

డాక్టరమ్మ నావైపు చూశారు. "అంతేనా?"

"అంతే" అన్నాను.

జూన్ 29

ఎక్కిళ్ళు. "ఎవరో నిన్ను తలుచుకుంటున్నారమ్మా" అంది చిన్నది. "ఊరంతా తలుచుకుంటున్నట్టుంది, కాస్త మానమని చెప్పిరా" అన్నాను. వీధిలోకి వెళ్ళి నిజంగానే అరిచి వచ్చింది.

జూలై 2

నాకు కోపం లేదు. అత్తయ్య కావాలని చేశారా? కొడుకుకన్నా నన్నే ఎక్కువ చూసుకున్న మనిషి. నేను స్టీరింగ్ పడతానంటే ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్న రోజున, "దానికి వచ్చింది అది చేసుకుంటుంది, మీకేం నొప్పి?" అన్నది ఆవిడే. చిన్నదాన్ని చంకనేసుకుని నన్ను పనికి పంపింది ఆవిడే. పైగా మెడ తిప్పమని నేనే అడిగాను. నేనే అడిగి కూర్చున్నాక ఆవిణ్ణి అనడానికేముంది?

ఈయనకి చెబితే తల్లిని క్షమించడు. చెప్పను.

జూలై 4

కూర్చోలేను. పడుకుంటే ఎడమ చెవిలో గుండె కొట్టుకుంటుంది, హుష్, హుష్ అని. లేచి గోడ పట్టుకుని వంటింటి దాకా వెళతాను, వెనక్కొస్తాను. మళ్ళీ వెళతాను. తుమ్ము వస్తుందేమోనని భయం. తుమ్మితే ఆ చిరుగు ఇంకాస్త విచ్చుకుంటుందేమోనని ముక్కు నొక్కిపట్టుకుంటే, అలా ఆపకూడదని మందుల కాగితం మీద ఉందంటాడు ఈయన. తుమ్మకూడదు, ఆపకూడదు. మరి ముక్కునేం చేసుకోను?

నెత్తురు పలచబడే మందు వేసుకోవాలి. మూడు నెలలయ్యాక మళ్ళీ స్కాన్. చాలామందికి దానంతటదే అతుక్కుంటుందట. చాలామందికి.

జూలై 6, ఆదివారం

మాస్టారు వచ్చారు. గేటు దగ్గరే నిలబడ్డారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు, చేతిలో పళ్ళ సంచి.

"ఎందుకొచ్చావయ్యా?" అన్నారు అత్తయ్య. "మంచం పట్టించావు, చాలదా? చూసి సంతోషించడానికొచ్చావా?"

"నాదే తప్పమ్మా. ఒక్కసారి కనబడి వెళ్ళిపోతాను."

"కనబడక్కర్లేదు. నీ మూలాన నా కోడలు గుక్కెడు నీళ్ళు తాగలేకపోతోంది."

ఆయన పళ్ళ సంచి గేటుకి తగిలించి వెళ్ళిపోయారు. ఆవిడ నిజంగానే నమ్మేసింది, మాస్టారిదే తప్పని. లేకపోతే అంత గట్టిగా అరవగలిగేది కాదు.

నేను కిటికీ పక్కనే ఉన్నాను. పిలవొచ్చు. గొంతు లేదు కదా.

జూలై 9

ఈయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. గట్టిగా మాట్లాడితే ఎక్కడ అద్దం పగులుతుందో అన్నట్టుంటాడు. అలాంటి మనిషి నిన్న మాస్టారి స్కూలుకి వెళ్ళి, టీచర్లందరి ముందూ ఆయన్ని నిలబెట్టి కడిగేసి వచ్చాడట. "మా ఆవిడ బతుకుతో ఆడుకున్నావు, లెక్కలు చెప్పే మొహమేనా నీది" అన్నాడట.

"ఆయనేమన్నాడు?" అని అడిగాను.

"చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడ్డాడు."

"ఎందుకు వెళ్ళావు?"

"ఎవర్నో ఒకర్ని అనకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది" అన్నాడు.

జూలై 10

చెప్పాలి.

జూలై 11

చెప్పలేదు. చిన్నదానికి జ్వరం.

జూలై 13

మాస్టారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ గేటు. డ్రైవింగ్ మానేశారట, కారు మీద కవరు కప్పేశారట. అత్తయ్య ఈసారి తలుపు కూడా తీయలేదు.

నాకు కోపం లేదు. ఎవరి మీదా లేదు. మరి పళ్ళు ఎందుకు కొరుకుతున్నాను? దవడ నొప్పెడుతోంది.

జూలై 16

స్నానానికి కుడి చెయ్యి పెట్టి చూసుకుని నీళ్ళు బాగానే ఉన్నాయనుకుని పోసుకున్నాను. ఎడమ భుజం కాలి కేక పెట్టాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చి చన్నీళ్ళు పోశారు. పోస్తూ ఏడ్చారు. "ఆ మాస్టారు బాగుపడడు" అన్నారు ఏడుస్తూనే.

అప్పుడు చెప్పేదాన్ని. నోటిదాకా వచ్చింది.

జూలై 22

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

పై వాటాలో టైలరమ్మ ఉంటుంది. పొద్దస్తమానం మిషను మీద వంగి కుట్టే పిల్ల. నిన్న మధ్యాహ్నం మెడ పట్టుకుని కిందికొచ్చింది. నేను గదిలో పడుకుని ఉన్నాను, తలుపు తీసే ఉంది.

"పిన్నిగారూ, నిన్నటినుంచి తిప్పలేకపోతున్నా. కాస్త చూడండి."

"దాందేముంది, కూర్చో."

కుర్చీ లాగిన చప్పుడు. అదే కుర్చీ. నేను కళ్ళు మూసుకుని, అత్తయ్య వద్దంటుంది, ఇప్పుడు వద్దంటుంది అనుకున్నాను. ఆవిడ ఆ పిల్లని పెళ్ళి సంబంధాల గురించి అడుగుతున్నారు. ఆ పిల్ల నవ్వుతోంది. కబుర్లు మొదలయ్యాయంటే చేతులు గడ్డం కిందికి వచ్చేసినట్టే.

లేచాను. గోడ పట్టుకోవడం మర్చిపోయాను. "వద్దు" అన్నాను, గాలి వచ్చింది. గుమ్మం దాటాను, నేల ఎడమకి ఒరిగింది. నేను మందుల బల్ల మీద పడ్డాను. సీసాలు, గ్లాసు, బల్ల, నేను, అన్నీ కలిసి కిందికొచ్చాం.

అత్తయ్య రెండు చేతులూ ఆ పిల్ల గడ్డం దగ్గరే ఆగిపోయి ఉన్నాయి.

"దాని మెడ వదలండి" అన్నాను. ఈసారి గొంతు వచ్చింది. బొంగురుగా, నాది కానట్టు. "నా మెడ తిప్పారు, చాలు."

టైలరమ్మ లేచి నిలబడింది. నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. అత్తయ్య చేతులు దించారు. వచ్చి నన్ను లేపబోయి, తాకబోయి, చేతులు వెనక్కి లాక్కున్నారు. "నువ్వు లేపమ్మా" అన్నారు ఆ పిల్లతో.

నన్ను చేర్చిన ఆసుపత్రికి ఫోను చేసి అడిగితే, పలచబడే మందు మీద ఉన్నారు గనక తలకి దెబ్బ తగిలిందేమో చూడాలి, వెంటనే రమ్మన్నారు. తలకేమీ కాలేదు. తుంటి మాత్రం అరచేతంత నల్లగా కమిలింది.

ఆసుపత్రినుంచి వచ్చాక ఈయనకి చెప్పాను. అంతా. ఆదివారం, కుర్చీ, టక్కుమనడం, డాక్టరమ్మతో అబద్ధం. అత్తయ్య వంటింట్లో ఉన్నారు, వింటూనే ఉన్నారు.

తల్లిని తిడతాడనుకున్నాను. "ఆ మాస్టారి మొహం ఇప్పుడు నేనెలా చూడను?" అన్నాడు.

జూలై 24

అత్తయ్య వంట చేసి పెట్టేసి తన గదిలోకి వెళ్ళిపోతున్నారు. ఎవరొచ్చి తలుపు కొట్టినా, "నాకు చేతకాదు, డాక్టరు దగ్గరికెళ్ళు" అంటున్నారు. ఈయన తల్లితో మాట్లాడ్డం లేదు. నాన్నమ్మకీ నాన్నకీ మధ్య చిన్నది పోస్టుమాన్ ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, నాన్నమ్మ టీ చల్లారిపోతోందంటోంది." "నాన్నమ్మా, నాన్న తాగనంటున్నాడు, కాని తాగుతున్నాడు."

"నాకు కోపం లేదత్తయ్యా" అని చెప్పాను. "ఆహా" అన్నారు.

జూలై 29

ఈయన మాస్టారి స్కూలుకి వెళ్ళాడు. అందరిముందూ అన్నాను గనక అందరిముందే చెప్పాలని, వాళ్ళందరూ టీ తాగే వేళ చూసుకుని వెళ్ళాడట. క్షమించమని చెప్పాడట. మాస్టారు లేచి కుర్చీ వేసి, "పోనీలెండి. కాని బ్రేకు తొక్కింది మాత్రం నేనే కదా" అన్నారట.

అదీ నిజమే. నొప్పి మొదలైంది ఆ సాయంత్రమే.

ఆగస్టు 3

మాస్టారు భార్యని టాక్సీలో తీసుకొచ్చారు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు, ఈయనే ఎదురెళ్ళాడు. ఆవిడ రెండు చేతికర్రలతో, నేను గోడతో. ఇద్దరం సోఫా చేరేసరికి అలిసిపోయి నవ్వుకున్నాం.

"మీరైనా చెప్పండమ్మా" అంది ఆవిడ. "ఈయన బండి మీద కవరు తియ్యడు. రోజూ పొద్దున్నే పైనుంచి దుమ్ము మాత్రం దులుపుతాడు."

"రేపు కవరు తియ్యండి మాస్టారూ" అన్నాను.

"మీరు పక్కన లేకుండానా?"

"ఇంకో ఆయన వస్తాడు మా స్కూలునుంచి. నాకన్నా గట్టిగా అరుస్తాడు. సంచి కనబడితే దాని మీదనుంచే పోనివ్వండి."

ఈసారి కాస్త నవ్వారు.

ఆగస్టు 10

నిద్ర రాదు, మెలకువగా ఉండబుద్ధి కాదు. పాత పేజీలు తిరగేశాను. జూలై రెండున రాశాను, నేనే అడిగానని. జూన్ ఎనిమిది చూశాను. నేను అడగలేదు. రెండుసార్లు వద్దన్నాను.

నా చేత్తో రాసుకున్నదే. నెల తిరక్కుండా దాన్ని నేనే మార్చేసుకున్నాను.

రెండుసార్లు వద్దన్నాను.

ఆగస్టు 11

కోపం ఉంది. కుంపటంత ఉంది. నీళ్ళు తాగుతుంటే ఉంది, చిన్నదాన్ని ఎత్తుకోలేనప్పుడు ఉంది, కిటికీలోంచి మా స్కూలు బండి వెళ్ళడం చూసినప్పుడు ఉంది.

ఆగస్టు 25

మామూలు నీళ్ళు తాగాను. గ్లాసుతో. పొలమారలేదు. చిన్నది చప్పట్లు కొట్టింది. వంటింటి తలుపు వెనకనుంచి కూడా ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

సెప్టెంబరు 11, గురువారం

స్కాన్. అత్తయ్య తానే బయల్దేరారు. "నేనూ వస్తా" అన్నారు. ఈయన నావైపు చూశాడు. రానిమ్మన్నాను.

డాక్టరమ్మ తెర మీద చూపించారు. చిరుగు అతుక్కుంది. నాళం ఒకచోట కాస్త సన్నగా ఉంది గాని నెత్తురు పారుతోంది. ఇంకో మందుకి మారుద్దాం అన్నారు. చేతికి వేడీ చల్లనా మళ్ళీ ఎంతవరకు తెలుస్తాయో ఇప్పుడే చెప్పలేనన్నారు. స్టీరింగ్ సంగతి అడగబోతే, ముందు మీ వీధి చివరిదాకా తిన్నగా నడవండి అన్నారు.

లేవబోతుంటే అత్తయ్య కుర్చీలోనే ఉండిపోయారు.

"అమ్మా, ఆ రోజు నువ్వు అడిగావు, ఎవరైనా మెడ తిప్పారా అని. నేను తిప్పాను."

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టారు. "ఎలా తిప్పారు?"

అత్తయ్య గాల్లో ఒక తలని పట్టుకున్నట్టు రెండు చేతులూ పెట్టి చూపించారు. తిప్పి మాత్రం చూపించలేదు. చేతులు అక్కడే ఉంచి, "ఇలా పట్టుకుని... నా వల్లే వచ్చిందా?" అన్నారు.

"చెప్పలేనమ్మా. ఆవిడకి మెడనొప్పి ముందే మొదలైంది. ఆ నొప్పే చిరుగు నొప్పి అయ్యుండొచ్చు. చాలామంది ఆ నొప్పికే మెడ తిప్పించుకోవడానికి వెళతారు. బ్రేకుతో మొదలై మీ చేత్తో పెరిగిందేమో. మీ చేత్తోనే మొదలైందేమో. అసలు ఏమీ జరక్కుండా, ఒక దగ్గుకి చిరిగేవాళ్ళూ ఉన్నారు."

"అట్లా కాదమ్మా. అవునో కాదో, ఏదో ఒకటి చెప్పు."

"నాకు తెలిస్తే చెప్పనా? తెలియదు. ఇక ఎవరి మెడా తిప్పకండి. అది మాత్రం ఖాయంగా చెబుతాను."

"మానేశాను" అన్నారు అత్తయ్య.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో ఈయన ముందు కూర్చున్నాడు, మేమిద్దరం వెనక. అత్తయ్య కిటికీవైపు చూస్తూ అన్నారు. "అవునని చెప్పినా బాగుండేది. కాదన్నా బాగుండేది."

నేను కూడా అదే అనుకుంటున్నాను. అవునంటే ఇంత కోపానికి ఒక చోటు దొరికేది. కాదంటే వదిలేయాల్సొచ్చేది.

"అత్తయ్యా, నాకు కోపంగా ఉంది" అన్నాను. "మీ మీదే. రెండుసార్లు వద్దన్నాను మీతో. విన్నారా మీరు?"

ఈయన అద్దంలోంచి చూశాడు. అత్తయ్య నావైపు తిరిగారు. ఏడుస్తారనుకున్నాను.

"హమ్మయ్య" అన్నారు. "అనవే. కోపం లేదు, కోపం లేదని నువ్వంటుంటే నాకు అన్నం సయించలేదు. అను."

అన్నాను. దారిపొడుగునా అన్నాను. గొంతు ఉన్నంతవరకూ. ఆవిడ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. టాక్సీ డ్రైవరు మాత్రం పాటలు కట్టేసి బుద్ధిగా రోడ్డు చూస్తూ నడిపాడు.

సెప్టెంబరు 12

ఇవాళ పొద్దున్నే మా ఇంట్లో గొడవైంది. వీధి చివరిదాకా ఒక్కదాన్నే నడిచి వస్తానన్నాను. కర్ర లేకుండా.

"నీకేమైనా మతిపోయిందా? చిన్నదాన్ని వెంట తీసుకెళ్ళు" అన్నారు అత్తయ్య.

"నేను ఎనిమిదేళ్ళు ఊరందరినీ నడిపించాను."

"కార్లో! కాళ్ళతో కాదు!"

"మీరు ఇంకోసారి నా మాట వినకపోతే..."

"వింటాను, వింటాను, వినే చెబుతున్నాను, వద్దని!"

ఈయన మొహం నిండా గడ్డం సబ్బుతో బయటికొచ్చి, ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక, మళ్ళీ లోపలికి పోయాడు.

వెళ్ళాను. గోడ వదిలేశాను. రోడ్డు ఎడమకి లాగుతుంటే కుడికి బిగపట్టుకుంటూ, తాగినవాడిలా, టైలరమ్మ మేడమీదనుంచి చూస్తుండగా. మూల మలుపు దగ్గరికి చేరేసరికి వెనకనుంచి అత్తయ్య కేక. "నెమ్మదే! ఎవరు తరుముతున్నారు నిన్ను?"

తల తిప్పలేదు. కాళ్ళతో సహా మనిషి మొత్తం మెల్లగా వెనక్కి తిరిగాను. గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. "మీరే!" అని అరిచాను. వీధంతా వినబడింది.